మూలంలో భర్త లేవలేదు

మన రాష్ట్రంలో పాత రాళ్ళన్నిటికీ కంచెలు వేయడం పూర్తయ్యాక, పాత వంటలన్నిటికీ సర్టిఫికెట్లు ఇవ్వడం కూడా అయిపోయాక, ఇంకా ఏం మిగిలాయా అని పెద్దలు కూర్చుని ఆలోచించారు. పాత చప్పుళ్ళు మిగిలాయి. వెంటనే రాష్ట్ర గతధ్వని పరిరక్షణ మండలి పుట్టింది. దానికి ఒక అధ్యక్షుడు, ఒక సభ్య కార్యదర్శి, రెండు కార్లు, చెవి బొమ్మతో ఒక చిహ్నం సమకూరాయి. ధ్వనులు మాత్రం ఇంకా సమకూరలేదు. అందుకని, మీ ఇళ్ళలో పాత ధ్వనులు ఏవైనా ఉంటే తెచ్చి ఇవ్వవలసిందని పేపర్లో ప్రకటన వేశారు.

ఆ ప్రకటన చూసి మురిసిపోయినవాళ్ళలో నేనొకణ్ణి. నా పేరు పాండురంగం. గుడివాడలో ఉంటాను. ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాను. నాకు వయసులో ఉన్నప్పటినుంచీ పాత రేడియో జింగిల్స్ పోగుచేసే పిచ్చి ఉంది. పళ్ళపొడి గురించి, గొడుగుల గురించి, పురుగుమందు గురించి పాడే చిన్న చిన్న పాటలూ, స్టేషన్ తన గురించి తను పాడుకునే రెండు ముక్కలూ, అన్నీ క్యాసెట్లలో ఉన్నాయి. నాణేలు పోగుచేసేవాడి ఇంటికి చుట్టాలొస్తే నాణేలు చూస్తారు. మా ఇంటికొచ్చినవాళ్ళు గడియారం చూస్తారు. అయినా నేను వినిపించకుండా వదల్లేదు.

వాటన్నిటిలో నాకు ప్రాణం లాంటిది ఒకటుంది. స్టేషన్ జింగిల్. 'మీ ఇంట్లో మా మాట, మా మాటకు మీ పాట' అని ఇద్దరాడపిల్లలు జలతరంగం మీద పాడతారు. ఒక్క వేసవిలో వచ్చి మాయమైపోయింది. బాగున్నందుకే తీసేసి ఉంటారని నా అనుమానం. ఇప్పుడు అది ఆ స్టేషన్లో కూడా లేదని, అక్కడ పనిచేసి రిటైరైన ఒకాయన చెప్పాడు. లోకం మొత్తం మీద నా క్యాసెట్లోనే ఉంది.

దాన్ని రికార్డు చేసిన పద్ధతి చెప్పాలి. రేడియో మాది, టేప్‌రికార్డర్ మా బావమరిది దగ్గర అడిగి తెచ్చింది. రెండిటినీ స్టూలు మీద ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఇంటిల్లిపాదీ ఊపిరి బిగపట్టాలి. అప్పట్లో అందరూ అలాగే చేసేవారు. మా ఇంట్లో అందరూ బిగపట్టారు గానీ వంటిల్లు బిగపట్టలేదు. జింగిల్ సగంలో ఉండగా కుక్కర్ కూత వేసింది. అది చల్లారేలోపు, పెరట్లో బట్టలు ఆరేస్తున్న మా ఆవిడ మాణిక్యాంబ, "ఏవండీ, పాలు పొంగుతున్నాయి, కాస్త స్టవ్వు ఆపండి" అంది. నేను పలకలేదు. రెండోసారి కాస్త గట్టిగా అంది. అప్పుడు నేను "ష్" అన్నాను. ఆ "ష్" కూడా టేపులో పడింది. పాలు పొయ్యి మీద పడ్డాయి. తను నా జింగిల్ పాడుచేసిందని నేనూ, నేను తన పాలు పాడుచేశానని తనూ నలభై ఏళ్ళుగా ఎవరి అభిప్రాయం మీద వాళ్ళం ఉన్నాం.

మండలి వాళ్ళ దగ్గరికి మర్యాదగా వెళ్ళాలని, విజయవాడలో ఒక స్టూడియోకి పోయి, కుక్కర్నీ మాణిక్యాంబనీ నన్నూ తీసేయించి, జింగిల్ ఒక్కటే ఉండేలా కాపీ చేయించాను. మండలి సభ్య కార్యదర్శి విద్యాభూషణరావుగారు ఆ కాపీ విని మొహం చిట్లించారు. ఇంత శుభ్రంగా ఉన్నది పాతది ఎలా అవుతుందని అడిగారు. దాన్ని నకిలీ కింద జమకట్టి అక్కడికక్కడే చెరిపించి, మూలప్రతి తెమ్మన్నారు. మర్నాడు క్యాసెట్ తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. జింగిల్ వస్తున్నప్పుడు ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. కుక్కర్ కూయగానే కనుబొమ్మలు లేచాయి. మాణిక్యాంబ గొంతు వినగానే కళ్ళజోడు తీశారు. నా "ష్" దగ్గర కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"పాండురంగంగారూ, మీరు జింగిల్ తెచ్చాననుకుంటున్నారు. మీరు ఒక యుగాన్ని తెచ్చారు" అన్నారు.

నాకు ఒళ్ళు పులకరించింది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో నా ఫొటో పేపర్లో ఏ పేజీలో వేస్తారా అని కూడా ఆలోచించాను. నిపుణుల సంఘం వినాలి కాబట్టి క్యాసెట్ మూడు నెలలు ఉంచుకుంటామన్నారు. రసీదు ఇచ్చారు. చెవి బొమ్మ ఉన్న రసీదు.

నిపుణుల సంఘం విన్నది. ఆ తర్వాత వెలువడిన ప్రకటనలో మా వంటిల్లు గతధ్వని నెంబరు పదిహేడు అయింది. సదరు ధ్వని సముదాయంలో ప్రధానాంశాలు మూడు అని అందులో రాశారు. మొదటిది, పూర్వకాలపు ఆవిరి కుక్కర్ యొక్క ఏకకూత. రెండవది, ద్విరావృత గృహిణీ హెచ్చరిక. మూడవది, పురుష నిరోధక శబ్దం. వీటి వెనుక ఏదో సంగీతం కూడా అస్పష్టంగా వినవచ్చుచున్నది గానీ, అది సముదాయ ప్రాముఖ్యానికి భంగకరం కాదు అని చివర్లో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం చదివి నాకు ఆ పూట అన్నం సయించలేదు. మాణిక్యాంబ మాత్రం రెండుసార్లు వడ్డించుకుంది.

ప్రకటన వెనక నిబంధనలు కూడా ఉన్నాయి. సదరు ధ్వనిని గానీ, దాని అంశాలను గానీ మండలి ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా ఏ వ్యక్తియూ ఉచ్చరించుట, అనుకరించుట, పునఃసృష్టించుట నిషిద్ధము. ఇది ఎవరో మిమిక్రీ వాళ్ళ కోసం రాశారని నేననుకున్నాను. వారం తిరక్కుండా కనకరాజు అనే ధ్వని పర్యవేక్షకుడు మా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మనిషి మంచివాడే. కాఫీ ఇస్తే కాదనడు. కానీ ఆ కాఫీకి పాలు కాచాలి కదా, అక్కడ వచ్చింది చిక్కు.

మొదటిరోజు పొద్దున పాలు పైకి వస్తుంటే మాణిక్యాంబ పెరట్లోంచి అలవాటు ప్రకారం "ఏవండీ" అంది. కనకరాజు లేచి నిలబడి, "అమ్మా, అక్కడితో ఆపేయండి. ఇంకో మాటంటే నేను రాసుకోవాల్సొస్తుంది" అన్నాడు. ఆవిడ ఆపేసింది. పాలు ఆపలేదు. రెండోరోజు మాట మార్చి, "ఇదుగో, గిన్నె సంగతి చూడండి" అంది. అది మూలభావానికి స్వేచ్ఛానుసరణ కిందికి వస్తుందన్నాడు. మూడోరోజు కంచం మీద గరిటెతో కొట్టింది. అది సంకేత రూపమట, పైవాళ్ళని అడిగి చెబుతానన్నాడు. తర్వాత కాగితం మీద రాసి నా ముందు పెట్టింది. రాత మీద నిషేధం లేదని కనకరాజు కూడా ఒప్పుకున్నాడు. నేను కళ్ళజోడు వెతుక్కుని చదివేసరికి ఇల్లంతా మాడు వాసన.

మీరే వచ్చి స్టవ్వు దగ్గర కూర్చోవచ్చు కదా అని ఇది వింటున్నవాళ్ళకి అనిపించవచ్చు. మాణిక్యాంబకీ అనిపించింది. నాకు తోచలేదు. నాకున్న దిగులంతా క్యాసెట్ గురించి. మూడు నెలలు దాటిపోయాయి.

చివరికి ఆవిడే అనుమతి కోసం దరఖాస్తు పెట్టింది. అవి ఆవు పాలా, గేదె పాలా, ఏ సమయాన పొంగనున్నవి, పొంగుట ఖాయమేనా, ఖాయమైనచో పాలవాని ధ్రువపత్రం జతపరచవలెను అని జవాబొచ్చింది. పాలవాడు తన పాలు పొంగుతాయని రాసిచ్చాడు, అంత చిక్కనివి కాబట్టే పొంగుతాయని తన తరఫున ఒక ముక్క కలిపాడు కూడా. అన్నీ పంపాక అనుమతి వచ్చింది. ఒకే ఒక్క ఉచ్చారణకు, గురువారంనాడు, కార్యాలయ పనివేళల్లో, భోజన విరామం మినహా. మా ఇంటికి పాలు తెల్లవారుజామున వస్తాయి.

ఈ గొడవ మా ఇంటితో ఆగి ఉంటే బాగుండేది. కుక్కర్ కూత కూడా రక్షిత ధ్వనే కాబట్టి మా వీధిలో పాత రకం కుక్కర్లున్న ఇళ్ళన్నిటికీ నోటీసులొచ్చాయి. ఒక్క కూత నిషిద్ధం గానీ మూడు కూతలు మూలంలో లేవు కాబట్టి అభ్యంతరం లేదని కనకరాజు దారి చూపించాడు. అప్పట్నుంచి మా వీధిలో పప్పు పాయసంలా, అన్నం సంగటిలా ఉడుకుతోంది. అందరూ నన్ను చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఇక నా "ష్" సంగతి. నేను రోజూ పేపర్లు చదివే గ్రంథాలయంలో ఎవరు మాట్లాడినా లైబ్రేరియన్ "ష్" అనేవాడు. ఆయనకీ నోటీసొచ్చింది. వారంలో అక్కడ పెళ్ళి సంబంధాలూ స్థలాల బేరాలూ మొదలయ్యాయి. నాకు పేపరు చదువుకోవడానికి బస్టాండే నయమనిపించింది.

ఇక లాభం లేదని నేను విద్యాభూషణరావుగారి దగ్గరికి వెళ్ళాను. ప్రకటనలు ఉంచుకోండి, నెంబరు పదిహేడు ఉంచుకోండి, నా క్యాసెట్ నాకిప్పించండి, అందులో జింగిల్ ఉంది, అది ఇంకెక్కడా లేదు అని చెప్పాను. నలభై ఏళ్ళ నా పిచ్చికి ఫలితం అదొక్కటే.

ఆయన జాలిగానే విన్నారు. "మీరు క్యాసెట్ అంటున్నది ఇప్పుడు క్యాసెట్ కాదండీ. అది ధ్వని నిక్షేపం. నిక్షేపాన్ని ఇళ్ళకి పంపడానికి నిబంధనల్లో వీల్లేదు" అన్నారు.

నేను లేవబోతుంటే కూర్చోమన్నారు. ఒక మార్గం ఉందన్నారు. మండలికి కొత్త భవనం కట్టారు. దాని గృహప్రవేశం నాడు మామూలుగా పాలు పొంగిస్తారు కదా, ఆ పాలతోనే నెంబరు పదిహేడుని మూల కళాకారుల చేత సజీవంగా ప్రదర్శింపజేస్తే బాగుంటుందని అధ్యక్షులవారి ఆలోచన. మేం ఒప్పుకుని, మూలానికి అక్షరం తేడా లేకుండా చేసి చూపిస్తే, మూలం మా దగ్గర సజీవంగా భద్రంగా ఉన్నట్టు లెక్క. అప్పుడు నిక్షేపాన్ని మా సంరక్షణలో ఉంచే విషయం సానుభూతితో పరిశీలిస్తారు.

ఇంటికొచ్చి చెప్పాను. మాణిక్యాంబ నవ్వింది. నలభై ఏళ్ళ కిందట తన మాట ఎవరూ వినలేదు, ఇప్పుడు వినడానికి సభ పెడుతున్నారా అంది. అయినా నా క్యాసెట్ కోసం ఒప్పుకుంది.

ప్రదర్శనకు ముందు రోజు రిహార్సల్ జరిగింది. విద్యాభూషణరావుగారు స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డారు. ముఖ్య అతిథి మీట నొక్కగానే జింగిల్ స్థానంలో ఏదో వాద్యసంగీతం మోగుతుంది, కుక్కర్ కూస్తుంది, మాణిక్యాంబ రెండుసార్లు అంటుంది, నేను రేడియోకి చెవి ఆనించి కూర్చుని "ష్" అంటాను. అంతే నా పని. నేను "ష్" అన్నాక అలవాటుగా కాళ్ళు చాపుకుంటే, "కదలకండి. మూలంలో భర్త లేవలేదు. అదే ఈ ధ్వని ఆత్మ" అని ఆయన గట్టిగా చెప్పారు. లేవకపోవడం నాకు కష్టమైన పనేమీ కాదని మాణిక్యాంబ ఆయనకి హామీ ఇచ్చింది.

గృహప్రవేశం రోజున హాలు నిండిపోయింది. వేదిక మీద ఒక పెద్ద బల్ల. దాని మీద ఎర్ర గుడ్డ పరిచి, ఒక పక్క స్టవ్వూ ఇత్తడి గిన్నెలో పాలూ, దాని పక్కనే నిక్షేపం పెట్టారు. రెండూ ఒకే ఫొటోలో పడాలని ఫొటోగ్రాఫర్ అడిగాడట. చెవి బొమ్మ ఉన్న చెక్క పళ్ళెంలో నా క్యాసెట్ పడుకుని ఉంది. ఎన్నాళ్ళకో దాన్ని చూశాను. నా కళ్ళు దాని మీదనుంచి కదల్లేదు.

ముహూర్తానికి పురోహితుడు పాలు పొయ్యి మీద పెట్టించాడు. ముఖ్య అతిథి రాలేదు. ముహూర్తం ఆగదు, పాలు ఆగవు, అతిథి మాత్రం ఇంకా దారిలో ఉన్నారు. ఖాళీగా ఉండకూడదని అధ్యక్షులవారు ప్రసంగం అందుకున్నారు. ధ్వని అనేది కంటికి కనిపించని తాజ్‌మహల్ అని ఆయన చెబుతుండగా గిన్నె అంచున నురగ కనిపించింది.

నేను మాణిక్యాంబ వైపు చూశాను. ఆవిడ వేదిక మీద, పెరడు అని అట్ట ముక్క మీద రాసి తగిలించిన మూల, ఒక తడి చీర చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. నోరు గట్టిగా మూసుకుంది. కనకరాజు ఆవిడ పక్కనే ఉన్నాడు. అనుమతి పత్రంలో ఉచ్చారణ ముఖ్య అతిథి మీట నొక్కిన పిమ్మట అని ఉంది. అంతకుముందు అంటే ఉల్లంఘన. ఆవిడ నా క్యాసెట్ కోసం నోరు మూసుకుంది.

పాలు పొంగాయి. శుభం కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. పాలు ఇంకా పొంగాయి. చప్పట్లు ఆగిపోయాయి. స్టవ్వు ఆపమని ఎవరైనా అంటారేమోనని అందరూ అందరి మొహాలూ చూశారు. ఆ మాట రక్షిత ధ్వని కాబట్టి ఎవరూ అనలేదు. ముందు వరసలో ఒక ఇంజనీరు గారు లేవబోయి, స్టవ్వు భవన విభాగానిదా, సభల విభాగానిదా అని పక్కవాణ్ణి అడిగి కూర్చున్నారు. పాలు ఎర్ర గుడ్డ మీదికి దిగి, పళ్ళెం వైపు పారడం మొదలుపెట్టాయి. అధ్యక్షులవారు తాజ్‌మహల్ దగ్గరే ఉన్నారు.

విద్యాభూషణరావుగారు తెర పక్కనుంచి నాకు చేత్తో సైగ చేశారు. కూర్చోండి అని. లేస్తే ప్రదర్శన పోతుంది, ప్రదర్శన పోతే క్యాసెట్ రాదు. కూర్చుంటే క్యాసెట్టే పోతుంది. మాణిక్యాంబ నా వంక చూసింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నేను మొదటిసారి విన్నాను.

లేచాను. బల్ల దగ్గరికి నడిచి స్టవ్వు ఆపాను. పాలు ఇంకో జానెడు దూరం పారి, పళ్ళేన్ని తాకి నిలిచిపోయాయి.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. విద్యాభూషణరావుగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "ఎంత పని చేశారండీ" అన్నారు, ఎవరో పోయినట్టు.

ముఖ్య అతిథి వచ్చేసరికి గిన్నెలో మిగిలిన పాలు చల్లారిపోయాయి. నిపుణుల సంఘం మళ్ళీ కూర్చుంది. వాళ్ళ నివేదిక కాపీ ఒకటి నాకూ పంపారు. మూలంలో భర్త లేవలేదనునది నిర్వివాదము, అయితే మూల కళాకారుడే లేచి స్టవ్వు ఆపుట వలన, సదరు పురుష నిరోధక శబ్దము ఆయన సహజ స్వభావము కాదనియూ, కేవలం యాదృచ్ఛికమనియూ తేలుచున్నది, కాబట్టి గతధ్వని నెంబరు పదిహేడు యొక్క ప్రామాణ్యము రద్దు చేయడమైనది అని అందులో ఉంది. నలభై ఏళ్ళ కాపురం చేసిన మాణిక్యాంబ ఆ నివేదిక చదివి, నా సహజ స్వభావం గురించి కావాలంటే తను సాక్ష్యం చెబుతాను, పాపం వాళ్ళ నెంబరు వాళ్ళకి ఇప్పిద్దామంది. నేను వద్దని బతిమాలాను.

కనకరాజు కుర్చీ ఖాళీ చేశాడు. వెళ్ళేముందు కాఫీ తాగి, అమ్మగారు ఇక ఏమైనా అనవచ్చని చెప్పి వెళ్ళాడు. వీధిలో కుక్కర్లు మళ్ళీ ఒక కూతకి దిగొచ్చాయి. లైబ్రేరియన్ మొదటిరోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా "ష్" అంటూనే ఉన్నాడట.

క్యాసెట్ పోస్టులో వచ్చింది. పైన 'వారసత్వ విలువ లేదు' అని ముద్ర వేసి పంపారు. ఆ ముద్ర పక్కన ఒక మూల పాల మరక ఉంది. టేప్‌రికార్డర్లో పెట్టాను. జలతరంగం వచ్చింది. ఇద్దరాడపిల్లలూ వచ్చారు. నా కళ్ళు చెమర్చాయి. కుక్కర్ కూసింది.

"ఏవండీ, పాలు పొంగుతున్నాయి, కాస్త స్టవ్వు ఆపండి."

నేను లేచి గబగబా వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్వు ఆపి ఉంది. దాని మీద గిన్నె కూడా లేదు. మాణిక్యాంబ పీట మీద కూర్చుని కాఫీ తాగుతోంది. నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసింది.

"ఆ పాలు ఎప్పుడో పొంగిపోయాయి లెండి" అంది.

అప్పుడే ముందుగదిలోంచి ఆవిడ గొంతు రెండోసారి, కాస్త గట్టిగా వినిపించింది. వెంటనే నా గొంతు "ష్" అంది.

మాణిక్యాంబ గ్లాసు కింద పెట్టి అటు చెవి ఒగ్గింది.

"అక్కడ ఇంకా ఒకాయన కూర్చునే ఉన్నాడు. ఆయన్ని కూడా కాస్త లేచి రమ్మనండి" అంది.